అమ్మానాన్నలు, పాపతో ఆగస్టులో కెన్యా–టాంజానియా సఫారీ: ఏజెంట్ ఇచ్చిన ప్లాన్ ఇదీ, చూసి చెప్పండి

మియాపూర్_వంశీ:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదలు. ఆగస్టు రెండో వారం నుంచి పది రోజులు సెలవు దొరికింది. అమ్మానాన్న, నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, మొత్తం ఐదుగురం. నాన్నకి అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి, అయినా సింహాన్ని జూలో కాకుండా బయట చూడాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. ఏజెంట్ ఇచ్చిన ప్లాన్ ఇలా ఉంది: నైరోబీలో దిగి అంబోసెలీ, అక్కణ్ణుంచి నైవాషా, నకూరు, మసాయి మారా, తర్వాత సరిహద్దు దాటి టాంజానియాలోని సెరెంగెటి, ఎన్‌గోరొంగొరో, చివర్లో జాంజిబార్ బీచ్. మారా నది దగ్గర వైల్డ్‌బీస్ట్‌లు (దున్నలా కనిపించే పెద్ద జింకలు) మందలుగా నీళ్లు దాటడం గ్యారంటీగా చూపిస్తాం అంటున్నాడు. వినడానికి బాగానే ఉంది, డబ్బు కట్టే ముందు వెళ్లొచ్చినవాళ్లని ఒకసారి అడుగుదామని. అమ్మ గుడ్డు కూడా ముట్టదు, ఆ సంగతి కూడా చెప్పండి.

దారెస్సలాం_శ్రీను:
వంశీగారూ, నేను టాంజానియాలోనే ఉద్యోగం చేస్తున్నా, మొహమాటం లేకుండా చెప్తా. ఇది సఫారీ ప్లాన్ కాదండీ, టాక్సీ డ్రైవర్ ట్రిప్ షీటు. నైరోబీ నుంచి మారాకి రోడ్డు మీద ఐదారు గంటలు, అంబోసెలీ నుంచి నేరుగా మారాకి వస్తే పొద్దున బయల్దేరి సాయంత్రానికి చేరడమే. ఇక మారా, సెరెంగెటి మ్యాపులో పక్కపక్కనే కనిపిస్తాయి, జంతువులు అలా నడిచి వెళ్లిపోతాయి, మనుషులకి మాత్రం ఆ దారి లేదు. శాండ్ రివర్ దగ్గరి గేటు టూరిస్టులకి మూసేశారు, మీరు పడమరగా ఇసెబానియా దాకా వెళ్లి, సరిహద్దు దాటి అవతల సిరారీలో దిగి, అక్కడ బండి మారి, డ్రైవర్ మారి మళ్లీ సెరెంగెటిలోకి రావాలి. రోజంతా దానికే పోతుంది. మీ నాన్నగారి మోకాళ్ల సంగతి తర్వాత, ముందు నడుం చూసుకోవాలి.

ఒక దేశం కొట్టేయండి. ఏది కొట్టేసినా పర్లేదు.

ఇంకోటి, నది దాటడం గ్యారంటీ అన్నవాడి దగ్గర ఆ ముక్క రాసివ్వమని అడగండి. రాయడు. వైల్డ్‌బీస్ట్‌లకి ఎవరూ టైంటేబుల్ ఇవ్వలేదు.

పద్మజ_కాకినాడ:
శ్రీనుగారు చెప్పింది అక్షరాలా నిజం. మేం అత్తగారిని, మామగారిని తీసుకెళ్లాం, వాళ్లిద్దరూ డెబ్బై దాటినవాళ్లే. పెద్దవాళ్లని అలిసిపోయేలా చేసేది జంతువుల కోసం తిరగడం కాదు, ఒక లాడ్జి ఖాళీ చేసి ఇంకో లాడ్జికి సామాను మోసుకెళ్లడం. ఒకేచోట మూడు నాలుగు రాత్రులు ఉంటే ఒకపూట వాళ్లు రూములోనే ఉండిపోయినా బాధ ఉండదు, మీరూ పాపా వెళ్లి రావచ్చు.

మోకాళ్ల గురించి అడిగారు కాబట్టి: ల్యాండ్ క్రూజర్ మెట్టు చాలా ఎత్తు. చిన్న స్టూలు పెట్టమని డ్రైవర్‌ని అడిగితే తెస్తారు, ముందే బుకింగ్‌లో చెప్పి ఉంచండి. పైకప్పు లేచే బండి అయితే నిలబడి చూడాలి, నాన్నగారు అంతసేపు నిలబడలేరు కాబట్టి కిటికీ సీటు ఖాయం చేసుకోండి. ఐదుగురికి ఆరు సీట్ల బండి మొత్తం మీదే తీసుకోండి, వేరేవాళ్లతో కలిపే గ్రూపు సఫారీ వద్దు. మీ పాపకి బాత్రూం వస్తుంది, పక్కవాళ్లు ముఖం చిట్లిస్తారు, ఎందుకొచ్చిన గోల. బాత్రూం అంటే గుర్తొచ్చింది, పొద్దున ఆరింటికి బయల్దేరే ముందు రెండు గ్లాసుల టీ తాగకండి. పార్కు లోపల బండి దిగనివ్వరు, కొన్ని చోట్ల తప్ప.

లెన్స్_రాజు:
నా మాట వినండి, అన్నీ మానేసి మారాలోనే కూర్చోండి. ఆగస్టు అంటే అసలు సీజన్. పదమూడు పధ్నాలుగు లక్షల వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో రెండు లక్షలకి పైగా జీబ్రాలు, సెరెంగెటి దక్షిణాన ఎన్డుటు వైపు ఫిబ్రవరిలో ఈని, వానలని బట్టి గడ్డి వెతుక్కుంటూ ఉత్తరానికి వచ్చి జులై నుంచి అక్టోబర్ దాకా మారా నదికి అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఒకసారి దాటేసి వెళ్లిపోతాయని చాలామంది అనుకుంటారు, అలా కాదు, అవతల వానొస్తే మళ్లీ వెనక్కి దాటుతాయి.

నది ఒడ్డున ఎలా ఉంటుందో చెప్తా వినండి. పొద్దున్నే మంద గట్టు మీదికి వచ్చి ఆగుతుంది. వెనకనుంచి వచ్చేవి ముందువాటిని తోస్తుంటాయి, ముందున్నవి కాళ్లు తన్నిపెట్టి నీళ్ల వంక చూస్తుంటాయి. దుమ్ము లేచి లెన్స్ మీద, పెదాల మీద పేరుకుంటుంది. ఒక జీబ్రా దిగి, మోకాలి లోతు దాకా వెళ్లి, వాసన చూసి, గిరుక్కున వెనక్కి తిరుగుతుంది. అంతే, మంద మొత్తం వెనక్కి పరిగెత్తి అర కిలోమీటరు అవతల ఏమీ ఎరగనట్టు మేస్తూ ఉంటుంది. ఎండ ఎక్కుతుంది, బండిలో బిస్కెట్లు అయిపోతాయి, పక్క బండివాళ్లు విసిగి వెళ్లిపోతారు. మధ్యాహ్నం ఎప్పుడో ఏ కారణమూ లేకుండా ఒకటి దూకుతుంది, ఇక వరసపెట్టి దూకుతూనే ఉంటాయి, ఆ అరుపులు, నీళ్లు చిమ్మడం, అవతలి గట్టు నిటారుగా ఉంటే ఎక్కలేక జారి కింద దానిమీద పడటం. మొసళ్ల గురించే అందరూ మాట్లాడతారు గానీ మొసలి నోట పడేవాటికన్నా తొక్కిసలాటలో, వరదలో మునిగి చచ్చేవే ఎక్కువ. తర్వాతి రోజు వెళ్తే అక్కడ రాబందులకీ, మరబూ కొంగలకీ పండగ.

దానికి రోజులు కావాలి. ఒక్క రాత్రి మారాలో ఉండి అది చూడాలంటే లాటరీ తగలాల్సిందే.

అడవిబాట:
రాజుగారూ, మీరు రాసింది బాగుంది, కానీ ఆ గట్టు మీద బండ్లు ఎన్ని ఉంటాయో రాయలేదు. నేను వెళ్లినప్పుడు మందకీ నదికీ మధ్యనే బండ్లు నిలిపారు. అవి దిగబోయిన చోట ఇంజన్ స్టార్ట్ చేసి ముందుకు జరిపారు, మంద వెనక్కి పోయింది. జంతువు భయపడి వెనక్కి పోయిందని మనం అనుకుంటాం, సగంసార్లు దాన్ని వెనక్కి తోలేది మనమే. 2025 జులైలో సెరెంగెటి ఉత్తరాన కొగటెండే దగ్గర టూరిస్టులు బండ్లు దిగి నది ఒడ్డున గుంపుగా నిలబడ్డ వీడియో చూసే ఉంటారు, అడుగు పెట్టడానికి చోటు లేక వైల్డ్‌బీస్ట్‌లు నానా తంటాలు పడ్డాయి.

చీతాల సంగతి ఇంకా దారుణం. మారాలోనే చేసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది: టూరిస్టుల తాకిడి ఎక్కువున్న చోట ఒక్కో తల్లి చీతా పెంచి పెద్దచేయగలిగిన పిల్లలు సగటున 0.2, తాకిడి తక్కువున్న చోట 2.3. చీతా పగలు వేటాడుతుంది, చుట్టూ పది బండ్లుంటే అది జింకకి కనపడకుండా ఎలా పోతుంది?

లెన్స్_రాజు:
అలా అయితే ఎవరూ వెళ్లొద్దా? టికెట్ డబ్బులు లేకపోతే ఆ గడ్డి మీద ఈపాటికి గోధుమ పొలాలు ఉండేవి. మారా దారిలో నరోక్ ఊరి వైపు వెళ్తూ రోడ్డుకి రెండు పక్కలా చూడండి, ఏం పండిస్తున్నారో.

అడవిబాట:
వెళ్లొద్దని ఎవరన్నారు సార్. డ్రైవర్ వెనకసీటు వైపు తిరిగి చూస్తాడు, మనం "ఇంకాస్త దగ్గరికి" అంటే వెళ్తాడు. రోడ్డు దిగితే జరిమానా పడేది అతనికే, టిప్పు మాత్రం మన చేతిలో ఉంటుంది. మొదటిరోజే "మాకు దూరం నుంచి చూసినా చాలు, రోడ్డు దిగక్కర్లేదు" అని చెప్పేయండి, అతనికి పెద్ద టెన్షన్ తీరిపోతుంది. మారా రిజర్వ్‌లో (అంటే ప్రభుత్వ అభయారణ్యంలో) ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకి మించి ఉండకూడదని నియమం ఉంది, పాటించేది ఎంతమందో మీకూ తెలుసు.

ఖర్చు పెట్టగలిగితే రిజర్వ్‌ని ఆనుకుని ఉన్న కన్సర్వెన్సీలు చూడండి వంశీగారూ. నబోయిషో, ఓలారే మొటొరోగి, మారా నార్త్ లాంటివి. అవి అక్కడి మసాయి తెగ కుటుంబాల సొంత భూములు, క్యాంపులవాళ్లు నెలనెలా కౌలు కడతారు. ఆ క్యాంపుల్లో ఉన్నవాళ్ల బండ్లు మాత్రమే తిరుగుతాయి, రాత్రి సఫారీ కూడా ఉంటుంది, రిజర్వ్‌లో అది లేదు.

లెన్స్_రాజు:
అవును, రేటు కూడా చెప్పండి మరి. ఐదుగురు ఉన్న మధ్యతరగతి కుటుంబానికి కన్సర్వెన్సీ అంటే ఇల్లు తాకట్టు పెట్టాలి.

అడవిబాట:
అందరికీ కుదరదు, నిజమే. కుదరకపోతే మారా ట్రయాంగిల్ అడగండి. రిజర్వ్‌లోనే నదికి పడమటి వైపు ముక్క, 2001 నుంచి మారా కన్సర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ చూసుకుంటోంది. రోడ్లు బాగుంటాయి, నియమాలు తప్పితే రేంజర్లు వదలరు.

దారెస్సలాం_శ్రీను:
డబ్బు మాట వచ్చింది కాబట్టి ఏజెంట్లు మింగేసే విషయం ఒకటి చెప్తా. మారా రిజర్వ్ టికెట్ విదేశీ పెద్దలకి జనవరి నుంచి జూన్ దాకా రోజుకి 100 డాలర్లు, జులై నుంచి డిసెంబర్ దాకా 200. 2024 నుంచి ఇదీ లెక్క. మునుపు టికెట్ 24 గంటలు పనిచేసేది, ఇప్పుడు 12 గంటలే, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు. రిజర్వ్ లోపలి లాడ్జిలో ఉంటే ఖాళీ చేసే రోజు పది గంటలకల్లా గేటు దాటాలి, పదిన్నర అయిందంటే ఇంకో రోజు టికెట్ కొట్టించుకోవాల్సిందే. మీ నలుగురు పెద్దలకి నాలుగు రోజులంటే టికెట్లకే 3,200 డాలర్లు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, పాప వరకు బతికిపోయారు.

అందుకే ఎవరైనా తక్కువ రేటు చెప్తే మొదట అడగాల్సింది "పార్కు ఫీజులు కలిపారా, ఎన్ని రోజులకి కలిపారు" అని. చాలామంది "ఐదు రోజులు మారా" అని రాసి, గేటు బయట హోటల్లో పెట్టి, రెండు రోజుల టికెట్లే కొంటారు.

జూన్‌లో వెళ్లే వీలుందా? టికెట్ సగం, బండ్లు తక్కువ. వైల్డ్‌బీస్ట్ మంద ఉండదు, గడ్డి కొంచెం ఎత్తుగా ఉంటుంది. సింహాలు, చిరుతలు, ఏనుగులు, జిరాఫీలు ఎక్కడికీ పోవు, అవి అక్కడే పుట్టి పెరిగినవి.

మియాపూర్_వంశీ:
జూన్ కుదరదండీ, మా ఆవిడకి ఆఫీసులో ఆడిట్. ఆగస్టే. మీ అందరి మాటలూ చదివాక ఏజెంట్‌కి ఫోన్ చేసి టాంజానియా, జాంజిబార్ తీసేయమన్నా, "సార్, అందరూ ఇదే తీసుకుంటారు" అన్నాడు. ఇంతకీ టీకా సంగతి ఎవరైనా చెప్తారా? నాన్నకి అరవై దాటాయి, ఎల్లో ఫీవర్ వేయరని ఎవరో అన్నారు.

డాక్టర్_సుధ:
వేయరు అని కాదు, డాక్టర్ చూసి నిర్ణయిస్తారు. అరవై దాటినవాళ్లకి మొదటిసారి వేసేటప్పుడు తీవ్రమైన ఇబ్బందులు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా కాస్త ఎక్కువ. షుగర్, బీపీ మందుల కాగితాలు, ఏవైనా ఆపరేషన్లు అయితే ఆ వివరాలు తీసుకెళ్లండి. గుడ్డు అంటే ఎలర్జీ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ టీకాని కోడిగుడ్డు పిండంలో తయారుచేస్తారు. మీ అమ్మగారు గుడ్డు తినరన్నారు, అది అలవాటా, పడకపోవడమా అన్నది డాక్టర్‌కి స్పష్టంగా చెప్పండి.

హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అన్ని రోజులూ ఉండదు, ముందు కనుక్కుని పాస్‌పోర్టులు పట్టుకుని వెళ్లండి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, టీకా వేసిన పదో రోజు నుంచే పసుపు కార్డు (టీకా సర్టిఫికెట్) చెల్లుతుంది. ఒకసారి వేస్తే జీవితాంతం సరిపోతుంది. కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. డాక్టర్ వద్దన్నారని మినహాయింపు పత్రం తెచ్చుకున్నా అక్కడ అధికారులదే తుది మాట, అందుకే టికెట్లు కొనేముందే నాన్నగారిని చూపించండి.

మలేరియా వేరే విషయం. మారా, అంబోసెలీ రెండింటిలోనూ దోమ ఉంది. నివారణ మాత్రలు ఉంటాయి, పాపకి బరువుని బట్టి డోసు మారుతుంది, మెడికల్ షాపులో అడిగి సొంతంగా మింగకండి. సాయంత్రం పొడుగు చేతుల చొక్కాలు. తిరిగొచ్చాక నెలలోపు జ్వరం వస్తే "ఆఫ్రికా వెళ్లొచ్చాం" అని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి, వైరల్ ఫీవర్ అనుకుని పారాసెటమాల్‌తో కూర్చోవద్దు.

పద్మజ_కాకినాడ:
తిండి విషయం నేను చెప్తా. కెన్యాలో మీ అమ్మగారికి పస్తులుండవు. చపాతీ, చాయ్ అక్కడివాళ్లకి రోజువారీ తిండే, సమోసాని సంబూసా అంటారు, వందేళ్ల పైబడి గుజరాతీలు ఉన్న దేశం. లాడ్జిల్లో పప్పు, కూర, అన్నం దొరుకుతాయి, ముందురోజు రాత్రి వంటాయనతో మాట్లాడితే విడిగా చేసి పెడతారు. ఇబ్బంది ఎక్కడంటే మధ్యాహ్నం ఇచ్చే లంచ్ బాక్సు: శాండ్‌విచ్, అరటిపండు, జ్యూసు, ఉడకబెట్టిన గుడ్డు. మేం పులిహోర పొడి, కందిపొడి, ఖాకరాలు పట్టుకెళ్లి గట్టెక్కాం.

కానీ పచ్చళ్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకెళ్లకండి! కెన్యాలో 2017 నుంచి క్యారీబ్యాగులు నిషేధం, 2020 నుంచి పార్కుల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు కూడా లోపలికి రానివ్వరు. స్టీలు డబ్బాలో పెట్టి, పాత కాటన్ చీర ముక్కలో మూట కట్టండి. మంచినీళ్లకి ఒక్కొక్కరికి స్టీలు సీసా.

ఎన్‌గోరొంగొరో వెళ్లేవాళ్లకి ఒక మాట, వంశీగారికి కాదు. అది పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడిన పెద్ద గుంట, దాని అడుగున ఎన్‌గోయిటోకిటోక్ అని ఒక మడుగు ఉంది, అక్కడే బండ్లు దిగి భోజనం చేస్తారు, ఎదురుగా నీళ్లలో హిప్పోలు. గద్దలు పైనే తిరుగుతుంటాయి. మామగారు చేతిలో చపాతీ చుట్ట పట్టుకుని ఫోటోకి నిలబడ్డారు, నేను ఫోన్ ఎత్తేలోపు చపాతీ లేదు, వేలి మీద గోరు గీత మిగిలింది. బండిలోనే తినమని డ్రైవర్ ముందే చెప్పాడు, ఈయన వింటేగా.

సెంచూరియన్_హరి:
అందరూ తూర్పు వైపే చూస్తున్నారు, దక్షిణాఫ్రికా నుంచి నా మాట కూడా వేస్తా. డ్రైవింగ్ వచ్చినవాళ్లకి క్రూగర్‌ని మించిన బేరం లేదు. 1926లో నేషనల్ పార్క్ అయింది, దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు, సొంతంగా కారు నడుపుకుంటూ తిరగొచ్చు. మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్. తారురోడ్డు మీద 50, మట్టిరోడ్డు మీద 40 దాటకూడదు, నిజం చెప్పాలంటే 25లో పోతేనే ఏమైనా కనిపిస్తుంది. స్కుకుజా, లోయర్ సాబీ, సతారా లాంటి క్యాంపుల్లో వంటగది ఉన్న కాటేజీలు ఇస్తారు. మా ఇంట్లోవాళ్లు చిన్న కుక్కర్ పట్టుకెళ్లి సాంబారన్నం వండుకుంటారు, బయట కంచె అవతల దుమ్ములగొండి అరుస్తుంటుంది.

ఆగస్టులో గేట్లు ఆరింటికి తెరిచి సాయంత్రం ఆరింటికి మూస్తారు. ఆలస్యమైతే జరిమానా ఖాయం, "ఏనుగు రోడ్డుకి అడ్డం నిలబడింది సార్" అన్న సాకు వాళ్లు రోజూ వినేదే. ఏనుగు నిజంగానే అడ్డం నిలబడుతుంది, అందుకే ముప్పావుగంట ముందే వెనక్కి తిరగాలి. ప్రతి క్యాంపులో ఒక మ్యాపు బోర్డు ఉంటుంది, ఎవరికి ఎక్కడ ఏం కనిపించిందో రంగు పిన్నులు గుచ్చుతారు. రాత్రి భోజనం అయ్యాక దాని ముందు నిలబడి రేపటి దారి ఖాయం చేసుకోవడంలో ఒక మజా ఉంది. లోయర్ సాబీ పక్కన సన్‌సెట్ డ్యామ్ దగ్గర కారు ఆపి, ఇంజన్ తీసేసి ఊరికే కూర్చోండి. మొసళ్లు, హిప్పోలు, నీళ్లకొచ్చే జీబ్రాలు, అన్నీ కిటికీ లోంచే.

లోటు కూడా చెప్పాలి కదా. పొదలు ఎక్కువ, మారాలోలా కంటికి ఆనినంత మేర గడ్డి ఉండదు, సింహం రోడ్డుకి పది అడుగుల్లో పడుకున్నా కనపడకపోవచ్చు. సొంతంగా వెళ్తే వెతికిపెట్టే గైడ్ ఉండడు. చంటిపిల్లలున్నవాళ్లు, మలేరియా అంటే భయపడేవాళ్లు పిలానెస్‌బర్గ్ చూడండి, అక్కడ మలేరియా లేదు, జొహన్నెస్‌బర్గ్ నుంచి రెండున్నర గంటలు.

ఓరుగల్లు_మల్లన్న:
ఇన్ని లక్షలు పోసి గక్కడికే ఎందుకు పోవాలె భయ్? మన అమ్రాబాద్ లేదా, ఫరహాబాద్ గేటు కాడ సఫారీ ఎక్కితే అయిపాయె. చీతాలు కావాలంటే మధ్యప్రదేశ్ల కూనో పార్కుకి తెచ్చిండ్రు కదా, గవి చూడుండ్రి.

అడవిబాట:
మల్లన్నా, అమ్రాబాద్ నాకూ ఇష్టమే, వానలు తగ్గాక ఆ కొండల అందమే వేరు. కానీ అక్కడ పులి ఉందని నమ్మాలి, చూడటం అదృష్టం. దట్టమైన అడవి, జంతువు రెండడుగులు పక్కకి వేస్తే మాయం. మారాలో కొండమీద బండి ఆపితే ఒక్క చూపులో ఏనుగుల గుంపు, జిరాఫీలు, దున్నలు, వాటి మధ్యలో ఎవరినీ లెక్కచేయకుండా నడిచిపోయే సింహం. రెండూ వేరు వేరు అనుభవాలు. కూనో చీతాలంటావా, 1952లో మన దేశంలో అంతరించాయని ప్రకటించారు, 2022 సెప్టెంబర్‌లో నమీబియా నుంచి ఎనిమిది, మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు వచ్చాయి. వాటిని కాస్త నిలదొక్కుకోనివ్వు, అప్పుడే మనం పోయి మీదపడటం దేనికి.

ఓరుగల్లు_మల్లన్న:
మాట కరెక్టే అన్నా. పైసలే కరెక్టుగ లెవ్వు.

మియాపూర్_వంశీ:
అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. కెన్యా ఒక్కటే. దిగిన రోజు నైరోబీలో విశ్రాంతి, అంబోసెలీలో రెండు రాత్రులు, మళ్లీ నైరోబీలో ఒక రాత్రి, మారాలో నాలుగు. నైవాషా, నకూరు తీసేశాం. నైరోబీ నుంచి మారాకి చిన్న విమానంలో పోతే నాన్నకి సుఖం అని మా ఆవిడ అంటోంది. అంబోసెలీ ఉంచాలా, అది కూడా తీసేయాలా?

దారెస్సలాం_శ్రీను:
ఉంచండి. ఏనుగుల్ని అంత దగ్గరగా, అంత నిమ్మళంగా ఇంకెక్కడా చూడరు. 1972 నుంచి అక్కడ ఏనుగుల మీద పరిశోధన నడుస్తోంది, ఒక్కోదాన్ని చెవి అంచులు చూసి గుర్తుపడతారు, తల్లి ఎవరో అమ్మమ్మ ఎవరో రాసిపెట్టుకున్నారు. కిలిమంజారో మా టాంజానియాదే, కానీ ఫోటో మాత్రం కెన్యా వైపు నుంచే బాగా వస్తుంది, ఒప్పుకోక తప్పదు. పొద్దున్నే చూడండి, తొమ్మిది దాటితే మబ్బు కప్పేస్తుంది. అబ్జర్వేషన్ హిల్ దగ్గర బండి దిగి గుట్ట ఎక్కొచ్చు, నాన్నగారు కింద ఆగినా పర్లేదు.

విమానం మంచి ఆలోచనే. నైరోబీలోనే ఉన్న విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి ముప్పావుగంటలో మట్టి రన్‌వే మీద దిగుతారు. మనిషికి సామాను 15 కిలోలే, చక్రాల గట్టి సూట్‌కేసు ఒప్పుకోరు, గుడ్డ బ్యాగులే. మిగతాది నైరోబీ హోటల్లో పెట్టి వెళ్లండి. అయితే విమానంలో వెళ్తే మీ బండి మీతో రాదు, లాడ్జి బండి మీద ఆధారపడాలి, అది వేరేవాళ్లతో కలిపి తిప్పుతారా మీకే ఇస్తారా అడగండి. లేదా డ్రైవర్‌ని ముందురోజే ఖాళీ బండితో రోడ్డు మీద పంపించమనండి, చాలామంది అలాగే చేస్తారు.

ఏజెంట్‌ని ఇంకా అడగాల్సినవి: లాడ్జి ఏ గేటు దగ్గర, గేటు లోపలా బయటా, రోజుకి రెండు రౌండ్లేనా లేక రోజంతా తిరగొచ్చా, కిలోమీటర్ల పరిమితి ఉందా. డాలర్ నోట్లు 2013 తర్వాతివే పట్టుకెళ్లండి, పాతవీ చిరిగినవీ తీసుకోరు. కెన్యాకి వీసా లేదు గానీ ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి, పాపకి కూడా. డ్రోన్ ఉంటే ఇంట్లోనే వదిలేయండి, అనుమతి లేకపోతే ఎయిర్‌పోర్టులోనే పట్టేసుకుంటారు.

లెన్స్_రాజు:
బైనాక్యులర్ మర్చిపోకండి, ఇద్దరికి ఒకటి చొప్పున. ఐదుగురికీ ఒకటే ఉంటే చిరుత చెట్టు దిగి వెళ్లిపోయాక మీ వంతు వస్తుంది. కెమెరాకి 100–400 లెన్స్ ఉంటే చాలు, అద్దెకి దొరుకుతుంది. ట్రైపాడ్ బండిలో పనికిరాదు. ఒక గుడ్డ సంచి తీసుకెళ్లి అక్కడ బియ్యమో బీన్సో పోయించుకుని కిటికీ మీద పెట్టుకోండి, చేతులు వణకవు. ఆగస్టులో పొద్దుటిపూట మారాలో చలి బాగా ఉంటుంది, స్వెట్టర్లు, పాపకి మంకీ క్యాప్.

పద్మజ_కాకినాడ:
ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు, టాంజానియా వైపు వెళ్లేవాళ్లయితే మరీ. సెట్సీ ఈగలకి ఆ రంగులంటే ప్రాణం, జీన్స్ మీదనుంచి కూడా కుడతాయి. వంశీగారూ, వెళ్లొచ్చాక ఇక్కడే రాయండి, లాడ్జి వంట ఎలా ఉందో ముఖ్యంగా.

కొత్తసభ్యుడు_గుంటూరు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. గొరిల్లాల్ని చూడాలంటే కూడా కెన్యానేనా? మా అబ్బాయికి పన్నెండేళ్లు, వాడికి అదే పిచ్చి.

దారెస్సలాం_శ్రీను:
కాదండీ, ఉగాండాలోని బ్విండీ అడవి లేదా రువాండా. పర్మిట్ ఒక్కటే ఉగాండాలో 800 డాలర్లు, రువాండాలో 1,500, చూడనిచ్చేది ఒక గంట. పదిహేనేళ్లు నిండని పిల్లల్ని అడవిలోకి తీసుకెళ్లరు. అబ్బాయికి ఇంకో మూడేళ్లు ఆగాలి. అంతలోపు విడిగా ఒక పోస్ట్ మొదలుపెట్టండి, ఉగాండా వెళ్లొచ్చినవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురున్నారు, పిలుస్తా.